ట్రాక్టరన్న ఉన్నాడుగా

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆమెకు ఒకటుంది గానీ, దాంతో పిలిచేవాళ్లు పెద్దగా మిగల్లేదు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆమె రేపటమ్మ. ఇవాళ ఎవరికి లేదో చెప్పడానికి ఇంటి చూరు చూస్తే చాలు. రేపు ఎవరికి లేకుండా పోతుందో కనిపెట్టడం ఆమె ఉద్యోగం. పై ఆఫీసువాళ్లు పలకంత ఫోనొకటి చేతికిచ్చి ఇంటింటికీ తిరగమన్నారు. "మీ ఇంటాయన మంచాన పడితే ఏం చేస్తారు? వానలు మొహం చాటేస్తే? గేదె చస్తే?" పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఇలాంటి శుభం పలికితే ఎవరూరుకుంటారు? ఒక ముసలావిడ చీపురు తిరగేసింది. ఇంకొకాయన, "ముందు మీ ఆయన సంగతి చూసుకోవమ్మా," అన్నాడు.

"ఆయన ఎప్పుడో పోయాడు బాబాయ్. మా ఇంట్లో ఇంక పోయేవాళ్లు లేరు గానీ, మీ సంగతి చెప్పండి," అంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆమె నోరు అంత మంచిదేం కాదు. తిట్లు తినడం కూడా జీతంలో భాగమేనని సరిపెట్టుకుని పని లాక్కొచ్చేది.

చివరికి సొంతూరి వంతు వచ్చింది. రేపోమాపో చితికిపోయే ఇళ్లు ఎక్కువున్నాయని తేలిన ఊరికి విత్తనాలు, వైద్యం, పశువుల బీమా ముందుగానే అందుతాయి. నిలదొక్కుకోగలదని తేలిన ఊరిని అలాగే వదిలేస్తారు. ఈ ఊళ్లో పంటలు దెబ్బతింటూనే ఉన్నాయి, కాబట్టి జవాబులు ఎక్కించగానే ఫోను, చితికే ఇళ్లకు చూపించే ఎర్రరంగే చూపిస్తుందని ఆమె ధీమా. తీరా చూస్తే ప్రతి ఇంటికీ పచ్చరంగే, నిలదొక్కుకుంటుందని. తిరకాసు ఒక్క ప్రశ్న దగ్గర దొరికింది. కష్టమొస్తే ఆదుకునేదెవరు అని అడిగితే ఊరు ఊరంతా ఒకటే మాట: "మాకేం, ట్రాక్టరన్న ఉన్నాడుగా."

ట్రాక్టరన్న అంటే ఆమె సొంత అన్నే. నొప్పులు పడేవాళ్లను ఆసుపత్రికి చేర్చేది ఆయనే, పంట చేతికొచ్చాక చూద్దాంలే అని దున్నిపెట్టేదీ ఆయనే. అందరూ ఒక్క మనిషి భుజం మీదే వాలారని ఫోనుకేం తెలుసు? ఇంటికొక అన్న ఉన్నాడనుకుని మార్కులు వేసేసింది.

ఆమె విసురుగా అన్న ఇంటికి వెళ్లింది. పెరట్లో ట్రాక్టరు మీద పట్టా కప్పి ఉంది. ఆ పట్టా మడతల్లో ఒక కోడి హాయిగా పొదుగుతోంది.

"ఏంటన్నయ్యా ఇది?"

"కోడి," అన్నాడాయన.

"కోడి కింద ఉన్నది."

"ఇంజను పట్టేసిందే. నా నడుమూ పట్టేసింది. రెండూ కూడబలుక్కున్నాయి."

"ఊళ్లో ఎవరికైనా చెప్పావా?"

"చెప్పలేదు. నువ్వూ చెప్పకు. మరమ్మతులో ఉందని నెట్టుకొస్తున్నా. వాళ్లు నన్ను చూసుకుని గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నారు. ఆ నిద్ర చెడగొట్టమంటావా?"

ఆమెకు ఒళ్లు మండింది. ఉత్త పేరు కోసం ఈ పెద్దమనిషి ఊరిని ముంచుతాడా? కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన తలెత్తుకు తిరగడమే చూసింది. ఆ తలను తన చేత్తో వంచాలంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అడిగింది.

"నీకు కష్టమొస్తే ఆదుకునేదెవరు? అందరినీ అడిగే ప్రశ్నే. జవాబు చెప్పు."

ఆయన నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. కాసేపు కోడి వంక చూసి, "ఎవరూ లేరు. రాసుకో," అన్నాడు. తర్వాత చెప్పులు వేసుకున్నాడు. "పద, వాళ్లకు నేనే చెప్తా. నువ్వు చెప్తే తిట్టినట్టుంటుంది."

పక్క వీధి మొదట్లోనే దర్జీ ఇల్లు. దర్జీ, అతని భార్య కాజాలు కుడుతున్నారు. ట్రాక్టరన్న గుమ్మంలోనే నిలబడి పాఠం అప్పజెప్పినట్టు, "మా చెల్లెలి ఫోనులోంచి నా పేరు తీసేయించండి. బండి పాడైంది, నేనూ పాడయ్యాను. నా వల్ల ఇంకేమీ కాదు," అన్నాడు.

దర్జీ దారం కొరికి, "తెలుసన్నా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"వీధిలో నీ బండి చప్పుడు వినపడక ఎన్నాళ్లయింది? మాకు చెవులు లేవా? మొన్న మా అమ్మకు బాగోలేకపోతే మంచం మీద ఆసుపత్రికి మోసుకెళ్లాం. నీ కంట పడితే బాధపడతావని వెనక సందులోంచి తిప్పి తీసుకెళ్లాం."

రేపటమ్మ గొంతు తగ్గించింది. ఆ నోటికి అది కొత్త. "మరి నేనడిగితే ఈయన పేరెందుకు చెప్పారు?"

"అడిగింది ఆయన చెల్లెలివాయె," అంది దర్జీ భార్య. "నీ ముందు ఇంకోలా ఎలా చెప్తాం వదినా? ఆయన చిన్నబోడూ? పక్కింటివాళ్లూ అందుకే అలా చెప్పారట."

"మీ మర్యాద మండా," అంది రేపటమ్మ, కళ్లు తుడుచుకుంటూ. అరుగు మీద చతికిలబడి ఫోను తెరిచింది. "మళ్లీ అడుగుతున్నా. కష్టమొస్తే ఆదుకునేదెవరు?"

దర్జీ ట్రాక్టరన్న వంక చూశాడు. ఆయన తలూపాడు.

"ఎవరూ లేరమ్మా," అన్నాడు దర్జీ.

అతని భార్య లేచి ట్రాక్టరన్నకు కుర్చీ వేసింది. నడుంనొప్పి మనిషి కదా అని వెనక దిండు కూడా పెట్టింది. ఆయన అందులో కూర్చుని, అందరి ముందూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.