సన్నాయి నోట్లో వాటర్ ఫ్లాసర్

కోవిడ్ రెండో విడత సద్దుమణిగిన మరుసటి సంవత్సరం నన్ను కారైకాల్ నుంచి యానాం ప్రభుత్వాసుపత్రి దంత విభాగానికి బదిలీ చేశారు. పుదుచ్చేరి కొలువులో ఉన్నవాళ్లకు ఇదొక తిప్పలు. ఉన్న ప్రాంతాలు నాలుగూ నాలుగు దిక్కుల్లో పడి ఉంటాయి. ఉత్తర్వు చేతికొచ్చిందంటే మంచం, పొయ్యి సర్దుకుని రైలెక్కవలసిందే. యానాం పేరెత్తితే తోటి డాక్టర్లు మొహాలు వేలాడేసేవారు. నేను యానాంలోని కనకాలపేటలో పుట్టి పెరిగినదాన్ని, నాకు మాత్రం పండగలా ఉంది. హోదా డెంటల్ సర్జన్. విభాగంలో నేనూ, నర్సు రోజ్‌మేరీ, ఒక కుర్చీ. ఉద్యోగంలో అదే నా ఆఖరి పోస్టింగు.

కారైకాల్‌లో పేషంటు కుర్చీలో కూర్చుంటే ముందు నొప్పి గురించి చెప్పేవాడు. మా యానాంలో అలా కాదు. కూర్చుంటూనే "పీకెయ్యండి డాక్టరమ్మగారూ, గొడవొదిలిపోద్ది" అంటారు. పన్ను నిలబెట్టవచ్చని చెబితే నా వైపు అనుమానంగా చూస్తారు. ఈ పెద్దావిడకి పీకడం చేతకాదు కాబోలు అని బయట వరండాలో అనుకున్న మాట రోజ్‌మేరీయే నాకు మోసుకొచ్చింది. నాకు కోపం తొందరగా వస్తుంది, ఆ పూటంతా దానితోనే పనిచేశాను.

పీకవద్దని వేడుకుంటూ వచ్చిన పేషంటు నాకు అక్కడ ఒక్కడే తగిలాడు. పేరు గంగరాజు. పక్కనే ఉన్న అడవిపొలం అనే ఊరి నుంచి వచ్చాడు. యాభై దాటిన మనిషి, చెవులకు పోగులు, భుజం మీద ఉతికిన కండువా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మాట్లాడింది ఆయన భార్య తాయారు.

"ఈయన సన్నాయి వాయిస్తారండి. పెళ్ళిళ్ళకీ, కల్యాణాలకీ ఈయన మేళమేనండి. పై పళ్ళు రెండు ఊగుతున్నాయండి. ఎవరికి చూపించినా తీసెయ్యాలంటున్నారండి."

ఆయన చెయ్యి తీసి, నెమ్మదిగా ఒక్క మాట అన్నాడు. "అయ్యి తీసేస్తే నా పని అయిపోయినట్టేనండి. మేళంలో ముందు కూర్చున్నోణ్ణి, ఎనక్కెళ్ళి తాళం వేసుకోవాలండి."

ఇందులో అతిశయోక్తి లేదు. సన్నాయి చివర రెల్లుతో చేసిన పీక ఉంటుంది. దాన్ని పెదవుల మధ్య పట్టి ఊదుతారు. పెదవికి వెనక నుంచి ఆనిక ఇచ్చేది ముందు పళ్ళే. అవి లేకపోతే పెదవి లోపలికి పోతుంది, పై స్థాయి స్వరాలు పలకవు. కట్టుడు పళ్ళు పెట్టొచ్చు కదా అంటారు. అంగిలికి అంటుకుని ఉండే ఆ ప్లేటు గంటల తరబడి అంత గాలి ఒత్తిడికి కదలకుండా ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. ఏ డాక్టరూ ఇవ్వలేడనుకుంటాను.

కుర్చీలో పడుకోబెట్టి చూశాను. చిగుళ్ళ జబ్బు. పన్నుకూ చిగురుకూ మధ్య మామూలుగా చిన్న సందు ఉంటుంది. ప్రోబ్ అని మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కొక్కెం లాంటి పనిముట్టుతో దాన్ని కొలుస్తాం. ఆరోగ్యంగా ఉన్న చోట అది రెండు మూడు గీతలు దాటి దిగదు. ఈయనకు దాదాపు మొత్తం దిగింది, వెంటనే రక్తం వచ్చింది. పళ్ళ కదలికకు మేము మూడు దశలు చెబుతాం. మొదటి దశలో భయం లేదు, మూడో దశలో ఆశ లేదు. ఈయనది రెండోది. రక్తపరీక్ష చేయిస్తే షుగరు కూడా బయటపడింది.

వైద్యం మొదలుపెట్టాను. షుగరుకు ఫిజీషియన్ దగ్గరికి పంపాను. మత్తు ఇచ్చి, చిగురు కింద పంటి వేళ్ళకు పట్టిన గారను గీకి తీశాను. ఊగే పళ్ళను పక్కనున్న గట్టి పళ్ళతో కలిపి, వెనక వైపు సన్నని తీగ వేసి అతికించాను. దీన్ని స్ప్లింట్ అంటారు. పాక వాలిపోతుంటే పక్క రాటకు కట్టి నిలబెట్టడం లాంటిదే. పొగాకు, వక్క మానెయ్యమన్నాను. చిగురు గట్టిపడేదాకా ఊదవద్దన్నాను. మాఘమాసం ముహూర్తాలకు ముందు మళ్ళీ చూస్తాననీ, అప్పటికీ రక్తం ఆగకపోతే తీసెయ్యడమేననీ ఖచ్చితంగా చెప్పాను. చిగురు కోసి చేసే పెద్ద ఆపరేషన్ ఉంది. దానికి పుదుచ్చేరి వెళ్ళాలి, ఒకటికి నాలుగుసార్లు వెళ్ళాలి. ఆయన వెళ్ళలేనన్నాడు.

స్ప్లింట్‌తో ఒక చిక్కుంది. తీగ అడ్డం ఉంటుంది కాబట్టి పళ్ళ సందుల్లోకి శుభ్రం చేసే దారం దిగదు. బ్రష్షు కుచ్చు అంత లోపలికి పోదు. అక్కడ పాచి ముద్ద పేరుకుంటే చేసిన వైద్యమంతా బూడిదలో పోసిన పన్నీరు. అలాంటి చోటికి వాటర్ ఫ్లాసర్ బాగా పనికొస్తుంది. చేతిలో పట్టే చిన్న యంత్రం అది. అడుగున నీళ్ళ డబ్బా, లోపల మోటారు, పైన సన్నని గొట్టం. స్విచ్చి నొక్కితే నీళ్ళు దడదడమని కొట్టుకుంటూ సూదిలాంటి ధారగా వస్తాయి. బ్రష్షు మానేసి ఇది వాడమని కాదు, బ్రష్షు తర్వాత ఇది కూడా వాడమని. పెళ్ళిళ్ళకు ఊళ్ళు తిరిగే మనిషి కాబట్టి ఛార్జింగు పెట్టుకుని సంచిలో వేసుకుపోయేది తీసుకోమన్నాను. ఆయన కూతురు ఫోనులో తెప్పించింది.

అది పట్టుకుని వచ్చిన రోజు ప్లాస్టరుతో చేసిన పళ్ళ నమూనా మీద చూపించాను. ముందు గొట్టం నోట్లో పెట్టుకోవాలి, తర్వాత స్విచ్చి నొక్కాలి. ధారను చిగురు అంచు వెంట నెమ్మదిగా నడిపించాలి. పెదవులు దగ్గరికి తీసుకోవాలి, లేకపోతే ఇల్లంతా అభిషేకమే. వేడినీళ్ళు వద్దు, ఉప్పు కలపవద్దు, ముందు తక్కువ వేగం మీదే వాడాలి. ఆయన శిష్యుడిలా చేతులు కట్టుకుని విన్నాడు. "ఆయ్, అలాగేనండి" అన్నాడు.

కొన్ని వారాలకు, మాఘం ఇంకా రాకముందే, మధ్యలో ఒకసారి పిలిపించి చూశాను. ప్రోబ్ ఇలా తాకించానో లేదో చిగురు అలా రక్తం కక్కింది. తీగ వెనకాల ముద్ద ఎక్కడిదక్కడే ఉంది. బుగ్గ పళ్ళ దగ్గర మాత్రం బ్రష్షు అందే చోటల్లా శుభ్రంగా ఉంది. అంటే మనిషి బద్ధకస్తుడు కాదు. మరి ఇక్కడేమైంది?

నాకు నిజంగా కుతూహలం పుట్టింది. కొత్త రిపోర్టు తెప్పించి చూశాను, షుగరు బాగా దిగింది. నాలుక చూశాను, వక్క మరకలు లేవు. యంత్రం చెడిపోయిందేమోనని నీళ్ళు పోసి నా అరచేతి మీద కొట్టుకుని చూశాను, చురుక్కుమంది. ఇక మిగిలింది ఒక్కటే. వాడటం లేదేమో.

"అసలు రోజూ వాడుతున్నారా, లేదా? నిజం చెప్పండి" అన్నాను. నా గొంతు పెరిగే ఉంటుంది.

గంగరాజు మొహం మాడిపోయింది. తాయారు మాత్రం ఊరుకోలేదు. "అయ్యో రామ, అలాగంటారేంటండీ! రెండు పూటలా కొడతారండి. నేను పక్కనే ఉంటానండి. మా అమ్మాయి సరదాకి ఒకసారి కొట్టుకుంటే జాకెట్టూ అద్దమూ గోడా తడిసిపోయాయండి. ఈయనైతే కుర్చీలో కూర్చుని కొడతారండి, ఒక్క చుక్క కింద పడదండి!"

ఆ ఆఖరి మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ యంత్రం వాడిన వాళ్ళెవరైనా తడవక తప్పదు. ముప్పై ఏళ్ళు నోళ్ళలో పనిచేసిన నేనే మొదటిసారి చీర తడుపుకున్నాను. నోట్లోకి నీళ్ళు అంత జోరుగా వస్తుంటే ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. ఒక్క చుక్క కూడా పడకపోవడం ఎలా సాధ్యం?

"ఏదీ, ఇక్కడే నా ముందు చెయ్యండి" అని డబ్బాలో నీళ్ళు పోసి ఇచ్చాను.

ఆయన వాష్ బేసిన్ వైపు చూడనైనా చూడలేదు. స్టూలు మీద వెన్ను నిటారుగా పెట్టి కచేరీకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. గొట్టం పెదవుల మధ్య పెట్టుకుని, పెదవులు బిగించి, స్విచ్చి నొక్కాడు. మోటారు చప్పుడు నోట్లో మునిగినట్టు మందంగా వినిపించింది. బుగ్గలు మెల్లగా పొంగాయి, ఇంకా పొంగాయి. కళ్ళు అరమోడ్పుగా ఉన్నాయి, ముక్కుతో హాయిగా ఊపిరి తీస్తున్నాడు. ఇంకెవరైనా అయితే ఈపాటికి ఉక్కిరిబిక్కిరై బేసిన్ మీదికి వంగిపోయేవారు. ఈయన నోరంతా నిండాక స్విచ్చి ఆపి, లేచి వెళ్ళి, అంచు కూడా తడవకుండా ఉమ్మి వచ్చాడు. రోజ్‌మేరీ చేతిలో ట్రే పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

నాకు నవ్వాగలేదు. పాపం ఆయన బిక్కమొహం వేశాడు. అప్పుడు స్టీలు గ్లాసు తెప్పించి నిండా నీళ్ళు పోశాను. ముందు యంత్రం ధారను గాల్లో ఆయన వేలి మీద కొట్టాను. చటుక్కున వేలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత గొట్టం గ్లాసు నీళ్ళలో ముంచి, వేలిని కాస్త దూరంలో ముంచమన్నాను. ఈసారి వేలు కదపలేదు.

"తగులుతోందా?"

"ఏదో నిమిరినట్టుందండి."

"మీ నోట్లో జరుగుతున్నదీ అదే. నోరు నిండా నీళ్ళుంటే ధారకు జోరు ఉండదు. ఊడి వచ్చిన మురికి కూడా బయటికి పోకుండా లోపలే తిరుగుతోంది. పెదవి కొంచెం సందు ఇచ్చి, బేసిన్ మీదికి వంగి, నీళ్ళు కారనివ్వాలి."

ఆయన తడి వేలు కండువాకు తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు. "పెదవి పక్కనుంచి గాలి పోతే మా నాన్న డోలు పుల్ల తీసి మూతి మీద ఒకటి అంటించేవోరండి. పెదవి జారితే సన్నాయే కాదనేవోరండి. నోట్లో గొట్టం పెడితే పెదవి దానంతటదే బిగిసిపోద్దండి. నేను బిగించినట్టే నాకు తెలీదండి."

నాకు అప్పుడు అంతా తేటతెల్లమైంది. సన్నాయి వాయించేవారు బుగ్గల్లో గాలి నిలవ చేసుకుని, దాన్ని వదులుతూనే ముక్కుతో ఊపిరి తీసుకుంటారు. స్వరం తెగకుండా అంతసేపు సాగడం అందుకే. పెదవులు దగ్గరికి తీసుకోమని నేను ఏ పేషంటుకు చెప్పినా నీళ్ళ జోరుకు పెదవులు వాటంతట అవే విచ్చుకుంటాయి. ఈయన నోరు మాత్రం చిన్నప్పటి నుంచీ విచ్చుకోకుండా ఉండటానికే తయారైంది. అలవాటులో పొరపాటంటే ఇదే.

కారనివ్వడం నేర్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. బేసిన్ మీదికి వంగుతాడు, గొట్టం పెట్టుకుంటాడు, మళ్ళీ బిగించేస్తాడు. "వదలండి, వదలండి" అని నేనూ, "వదలవయ్యా మగడా!" అని తాయారూ ఒకటే కేకలు. చివరికి గొట్టాన్ని పీకలా నోటి మధ్యలో కాకుండా పక్క మూలనుంచి పెట్టించాను. ఆ మూల పెదవికి విద్య రాదు కాబోలు, అక్కడి నుంచి నీళ్ళు కారాయి. గడ్డం మీదుగా, కండువా మీదుగా కారాయి. తీగ వెనకాల నుంచి ముద్ద పెళ్ళలుగా బేసిన్‌లో పడింది, రక్తపు చారలతో. ఆయన దాన్ని చూసి భయపడ్డాడు. ఇన్నాళ్ళూ లోపల ఉన్నది అదేననీ, చిగురు వాపు దిగితే రక్తమూ ఆగుతుందనీ చెప్పాను.

ఇంత జరిగినా తీసెయ్యడం తప్పుతుందని నేను మాట ఇవ్వలేదు. ముహూర్తాలు ఎంతో దూరంలో లేవు. బేరం ఒప్పుకున్న పెళ్ళివారికి ఏం చెప్పాలో తెలియక ఆయన నిద్రపోవడం లేదని తాయారు నాతో విడిగా చెప్పి కళ్ళు తుడుచుకుంది. నాకూ బెంగగానే ఉంది. చిగురు మన తొందరను బట్టి మానదు.

మాఘం దగ్గర పడ్డాక వచ్చారు. కుర్చీలో పడుకున్న మనిషి చేతులు రెండూ కుర్చీ అంచులు పట్టుకున్నాయి. ప్రోబ్ పెట్టాను. చిగురు గులాబీ రంగులో, బిగువుగా ఉంది. ప్రోబ్ మునుపటిలో సగం కూడా దిగలేదు. చుట్టూ తిప్పి చూశాను, రక్తం రాలేదు. నమ్మకం కుదరక మళ్ళీ చూశాను. చిటికెన వేలితో పన్నును నొక్కితే కదలిక ఉండీ లేనట్టుంది.

"తీయక్కర్లేదు" అన్నాను. "ఊదొచ్చు. మొదట రోజుకు కాసేపే. నొప్పి వస్తే ఆపాలి."

ఆయన లేచి కూర్చుని కండువాతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. తాయారు "ఊరుకోండి, డాక్టరమ్మగారు చూస్తున్నారు" అంటూ తానే ఏడ్చేసింది. వరండాలో ఉన్నవాళ్ళు లోపల పన్ను పీకారనుకున్నారట.

ఆ తర్వాత నా విభాగంలో రెండు పద్ధతులు పెట్టాను. పేషంటు చేతికి ఏ పనిముట్టు ఇచ్చినా నా బేసిన్ దగ్గర, నా కళ్ళ ముందు, ఒకసారి వాడి చూపించాకే ఇంటికి పంపడం. నోరు తెరవమనే ముందు ఏం పని చేస్తారని అడగడం. టైలరు పళ్ళ మధ్య సూది పెట్టుకుంటాడు, వల అల్లేవాడు దారం కొరుకుతాడు, మాస్టారు సుద్ద దుమ్ములో నోరు తెరుచుకుని ఊపిరి తీస్తాడు. యంత్రంతో వచ్చే కాగితంలో వీళ్ళెవరి గురించీ రాయరు. అది డాక్టరు అడిగి తెలుసుకోవలసిందే.

నేను రిటైరైపోయాను. గంగరాజు గారు ఇంకా కాలేదు.