గోడ కంతలో మెలిపెట్టిన వైరు

దగ్గరికొచ్చి కూర్చోండమ్మా, కాళ్లు చాపుకుని కూర్చోండి, నా గొంతు ఇప్పుడు దూరం పోదు. పొద్దున ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని మా వీధి స్తంభాల మీది పాత నల్ల కేబుల్ వైరంతా కోసి, చుట్టలు చుట్టి ఆటోలో వేసుకుపోయారు. ఇక అందరికీ ఫైబర్ అనే సన్న గాజు తీగేనట. వాళ్లు పోయినంక నాకు అన్నం సయించలేదు. ఆ వైరుతోనే మా ఇల్లు బతికింది, ఆ వైరుతోనే నేనొకటి పోగొట్టుకున్నాను.

మాది దుమ్ముగూడెం నుంచి అడవి వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరు, మా ఆయన ఆ ఊరికి కేబుల్ మనిషి. మొదట టీవీ బొమ్మలే వచ్చేవి, తర్వాత అదే వైరులో ఇంటర్నెట్టు కూడా ఇచ్చాడు. మూడో తరగతితో బడి మానిన దాన్ని, రెండూ ఒకదాంట్లో ఎట్ల కలవకుండ వస్తాయని అడిగితే ఓపిగ్గా చెప్పేవాడు. రోడ్డు మీద బండ్లకు వరుసలున్నట్టు అందులో టీవీకి కొన్ని వరుసలు, ఇంటర్నెట్టుకు కొన్ని వరుసలు ఉంటాయట, మోడెం డబ్బా తన వరుసను ఏరుకుంటుందట. పైనుంచి మనకొచ్చేది వాన లాంటిది, ఇంటింటికీ పడుతుంది; మన మాట, మన బొమ్మ తిరిగి పోయేది మాత్రం వాగు లాంటిది, వీధి ఇళ్లన్నిటికీ ఒకటే వాగు, ఏ ఒక్క ఇంటి బురద పడినా వాగంతా బురదే. నేను తలూపి, పొయ్యి మీది పప్పు చూసుకోవడానికి లేచిపోయేదాన్ని.

మా మరిది వేరు పడ్డప్పుడు ఇంటి నడుమ గోడ లేచింది గానీ, మా తోడికోడలికీ నాకూ మధ్య ఏ గోడా లేదు. ఆమె కొత్తగా టీవీ తెచ్చుకున్న మధ్యాహ్నం సీరియల్ మొదలవుతోంది, మగవాళ్లు ఊళ్లో లేరు. "నీ మొగుడు ఊరందరికి లైన్ ఇచ్చుడు, నేను పక్కింట్ల కూసోని గోడను చూసుడా అక్కా?" అని ఎగతాళి చేసింది. నేనేం చేశాను, కూరగాయల కత్తితో మా వైరు తోలు గీకి, ఆమె వైరును దానికి మెలిపెట్టి, పాల కవరు ముక్క చుట్టి గోడ కంతలోకి తోశాను. రెండిళ్లలోనూ బొమ్మ అద్దంలా వచ్చింది. ఆ రోజుల్లో మా వైపు చాలా ఇళ్లు అట్లనే పంచుకునేవి. మా ఆయనకు చెబితే పద్ధతిగా పంచే డబ్బా తెచ్చి బిగించేవాడే. చెప్పడం మరిచాను, ఏళ్లు గడిచాయి.

కరోనా వచ్చింది. మా పెద్దక్కను ఖమ్మంలో దవాఖానాలో చేర్చారు, లోపలికి ఎవరినీ రానియ్యలేదు. అమ్మ పోయినంక నన్ను సాకింది అక్కే. చర్చి పాటలన్నీ అక్కే నేర్పింది, ఒక చరణం ఆమె పాడి ఆగితే మరో చరణం నేనందుకోవాలి. సాయంత్రం ఐదింటికి నర్సమ్మ ఆమె ముందు ఫోను పట్టేది. వానలకు ఊళ్లో సెల్లు టవరు పడుకుంది, మాకున్న దారి ఇంట్లో ఇంటర్నెట్టొక్కటే. అక్క నాకు కనబడేది, వినబడేది. నా మాటే ఆమెకు పోయేది కాదు. "నీ నోరు కదుల్తలేదు చెల్లే, ఏమన్న అంటున్నవా?" అనేది ఆయాసపడుతూ.

ఐదింటికి వీధంతా ఫోన్లు పట్టుకుంటుంది, ఒక్క దారిలో బండ్లెక్కువయ్యాయి అనుకున్నాడు మా ఆయన. ఇంటింటికీ పోయి అరగంట ఆపమని చేతులు జోడించాడు. మాతో ఎన్నడూ పడని ఎదురింటామె కూడా, "మా ఆయన ఫోను బియ్యం డబ్బాల దాసిన, పెండ్లయినంక ఇయ్యాల్నే నా మొఖం చూసిండు" అని చెప్పి పోయింది. అయినా మాట పోలేదు. అప్పుడర్థమైంది ఆయనకు, ఎక్కడో వాగులో బురద పడుతోందని. రెండు రోజులు వానలో తడుస్తూ స్తంభం స్తంభం ఎక్కాడు, ఇల్లిల్లూ వెతికాడు. కేబుల్ మనిషి ఇంట్లోనే తప్పుంటుందని ఎవరనుకుంటారు?

మూడో సాయంత్రం అక్క మాస్కు పక్కకు జరిపి, చిన్న గొంతుతో ఒక చరణం పాడి ఆగింది. నేనందుకున్నాను, ఉన్న గొంతంతా పెట్టి పాడాను. అక్క నా మొహం చూస్తూ ఎదురుచూస్తూనే ఉంది. ఆఖరికి, "అలిగినవానే?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమెకది కదలని బొమ్మ. నర్సమ్మ మాస్కు పెట్టేసింది. తెల్లారేసరికి అక్క లేదు.

సమాధి చేసి వచ్చిన నాలుగో రోజు సాయంత్రం, మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని లైను చూస్తున్నాడు. ఐదు కొట్టింది, గోడ అవతల మా తోడికోడలు తన టిఫిన్ బండికి ఇడ్లీ పిండి కోసం మిక్సీ వేసింది, ఈయన తెరలో గీతలన్నీ చిందులేశాయి. ఆమె ఆపితే ఆగాయి. లేచి వైరు వెంట తడుముకుంటూ పోయి, కంతలోంచి పాల కవరు లాగాడు. తోలు లేని వైరు మిక్సీ మోటారు రొదను పట్టి వాగులోకి వదులుతోందట. "ఎవరు కట్టిన్రిది?" అన్నాడు. "నేనే" అన్నాను. ముడి కోసి పద్ధతిగా డబ్బా బిగించి బయటికి పోయాడు. మా తోడికోడలు నెత్తి కొట్టుకుంది, ఆమె తప్పేముంది? మెలిపెట్టిన చేతులు నావి.

ఇప్పుడు ఎవరి తీగ వాళ్లదే, గోడకు కంతలే లేవు, ఒకరి రొద ఇంకొకరికి పోదు. బొమ్మ కడిగినట్టు వస్తుంది. అక్క బిడ్డ ఫోను చేస్తే, తిన్నవా అనైనా అడగకముందు, నా మాట వినబడ్తుందా బిడ్డా అంటాను. "అవ్ చిన్నమ్మా, అవ్" అని ఆమె నవ్వేదాకా ఇంకో మాట ఎత్తను. ముసలిదాని చాదస్తమనుకుంటుంది. వాళ్లమ్మ ఆఖరి మాట నేనింకా ఆమెకు చెప్పలేదు, చెప్పే ధైర్యం లేదు. మీకు చెప్పాను.

దేవుడు మీ ఇల్లు చల్లగ చూడాలి తల్లీ. మీ ఇంట్లో ఎవరు మంచంలో ఉన్నా, వాళ్లు పాడి ఆగినప్పుడు మీ గొంతు వాళ్ల చెవిన పడాలి.