చేతులు వాసన చూసే తండ్రి

2023 శీతాకాలం. ఒంటారియోలోని కేంబ్రిడ్జ్‌లో, వృద్ధులు ఉండే ఒక లాంగ్ టర్మ్ కేర్ హోమ్‌లో నేను ఆర్‌పీఎన్‌గా పనిచేస్తున్నాను. ఆర్‌పీఎన్ అంటే మందులిచ్చి, పుండ్లకు కట్లు కట్టి, రెసిడెంట్ల పరిస్థితిని కంప్యూటర్లో నమోదు చేసే నర్సు. స్నానం చేయించడం, తినిపించడం పీఎస్‌డబ్ల్యూలనే సహాయకుల పని. కానీ రోజూ వాళ్లలో ఎవరో ఒకరు సెలవు పెడతారు కాబట్టి ఆ పని కూడా చాలాసార్లు మా మీదే పడుతుంది. డ్యూటీకి ముందు కారులోనే కూర్చుని ప్రార్థన చేసుకోవడం నా అలవాటు. ఆ చలికాలం నా ప్రార్థన ఒక్క మాటకు కుదించుకుపోయింది. ప్రభువా, ఈ రోజు నా నోట కసురు మాట రానివ్వకు. అంతకు మించి అడగడానికి ఓపిక ఉండేది కాదు.

మా అంతస్తులో రాజమాణిక్యం గారని ఒక తమిళ పెద్దాయన ఉండేవారు. మెషీన్ షాపులో పనిచేసి రిటైరయ్యారు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడే భార్య పోతే, మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఇద్దరు కొడుకులను ఒంటరిగా పెంచారు. ఇప్పుడు డిమెన్షియా. ఇంగ్లీషు పూర్తిగా మరిచిపోయారు. నాది నెల్లూరు, నర్సింగ్ చదివింది చెన్నైలో. అందువల్ల నాకు కొంత తమిళం వచ్చు. ఎక్కడ నొప్పి, ఊపిరి పీల్చండి, ఇటు తిరగండి అనే ఆసుపత్రి తమిళం. అది కూడా లేకపోతే ఆయనకు ఆ భవనంలో మాట్లాడే మనిషే లేడు.

ఆయన తినడం మానేశారు. ఒక్కసారిగా కాదు, నెమ్మదిగా. మొదట సగం పళ్లెం వదిలేవారు, తరవాత రెండు స్పూన్లతో సరి. మింగడంలో ఇబ్బందేమో అని స్పీచ్ పాథాలజిస్ట్‌ను పిలిపించాం. మాటతోపాటు మింగడాన్ని కూడా పరీక్షించేది వాళ్లే. గొంతు బాగానే ఉందని ఆవిడ తేల్చింది. పళ్లు చూశాం, మందులు మార్చాం. ఏదీ పనిచేయలేదు. స్పూను దగ్గరికి తీసుకెళితే ఆయన మన చేయి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకునేవారు. ఒకసారి వాసన చూసి, చేయి వదిలేసి, గోడవైపు తిరిగిపోయేవారు. గ్లవ్స్ వాసన నచ్చడం లేదేమో అనుకుని పీఎస్‌డబ్ల్యూ మరియా రకరకాల గ్లవ్స్ మార్చి చూసింది. ఇలాంటి వింత అలవాట్లు డిమెన్షియా ఉన్నవాళ్లలో మేం రోజూ చూస్తూనే ఉంటాం. అందరం దాన్నీ ఆ లెక్కలోనే వేశాం.

కొడుకులిద్దరూ వచ్చేవారు, కానీ ఎప్పుడూ కలిసి కాదు. పెద్దవాడు కుమరన్ కేంబ్రిడ్జ్‌లోనే కారు విడిభాగాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. మధ్యాహ్నం షిఫ్టుకు వెళుతూ దారిలో ఆగేవాడు. చిన్నవాడు దినేశ్ బ్రాంప్టన్‌లో ఒక ట్రక్కుల కంపెనీలో, ఏ బండి ఎటు వెళ్లాలో చూసే డిస్పాచర్. సెలవు రోజుల్లో వచ్చేవాడు. తండ్రిని హోమ్‌లో చేర్పించింది కుమరన్. నాన్నను నా దగ్గరే ఉంచుకుంటానని దినేశ్ అన్నాడట. నువ్వుండే బేస్‌మెంట్ మెట్లు ఎలా దిగుతాడురా అని అన్న అడిగాడట. ఆ మాట దగ్గర మొదలైన గొడవ ఇంకా తెగలేదు. తమ్ముడి కారు పార్కింగ్‌లో కనబడితే అన్న లోపలికి రాకుండా కారులోనే కూర్చునేవాడు.

వాళ్లిద్దరికీ ఉమ్మడిగా మిగిలింది ఒక సినిమా. అన్న టాబ్లెట్‌లో వేసి తెచ్చిన పాత తమిళ సినిమా. బట్టల మిల్లులో పనిచేసే తండ్రి, తల్లి లేని ఇద్దరు కొడుకులు. మొదటి సగమంతా తండ్రి కడుపు మాడ్చుకుంటాడు, రెండో సగమంతా కొడుకులు ఆయన్ని ఏడిపిస్తారు, చివర అందరూ కలిసి ఏడుస్తారు. అలాంటివి మన తెలుగులోనూ చూశాం, కథ ముందే తెలిసినా కళ్లు తుడుచుకున్నాం. రాజమాణిక్యం గారు తన పిల్లలను థియేటర్‌కు తీసుకెళ్లి చూపించిన సినిమా అదొక్కటేనట. అందుకే ఆయనకది ప్రాణమని, అది చూస్తూ ఉంటే నాలుగు ముద్దలు తింటాడని కొడుకుల నమ్మకం. భోజనం వేళ ఎవరు వచ్చినా అదే పెట్టేవారు.

బరువు బాగా తగ్గిపోయాక కేర్ కాన్ఫరెన్స్ పెట్టారు. కుటుంబం, డాక్టరు, నర్సు, డైటీషియన్ కలిసి కూర్చుని ఇక ముందు ఏం చేయాలో మాట్లాడుకునే సమావేశమది. ఇద్దరు కొడుకులూ తప్పనిసరిగా ఒకే గదిలోకి వచ్చారు. ఒక కుర్చీ ఖాళీ వదిలి చెరో పక్కన కూర్చున్నారు. డాక్టరు విషయం సూటిగా చెప్పింది. ఇలాగే ఉంటే ఎక్కువ కాలం బతకరు. ఆసుపత్రికి పంపి పొట్టలోకి ఫీడింగ్ ట్యూబ్ వేయించవచ్చు. కానీ ఈ దశలో దానివల్ల మేలు జరుగుతుందని చెప్పలేను. ఆయన ట్యూబ్ పీక్కోకుండా చేతులు అదుపులో పెట్టాల్సి రావచ్చు. లేదంటే బాధ లేకుండా చూసుకుంటూ ఉండిపోవడమే. కొద్ది రోజుల్లో ఏదో ఒకటి చెప్పండి.

డాక్టరు, డైటీషియన్ వెళ్లిపోయారు. కాగితాలు సర్దుతూ నేను మిగిలాను. అన్నదమ్ములు తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకున్నారు. నా మాటల్లో రాస్తున్నాను.

"ట్యూబ్ వేయిద్దాం. ఆకలితో చంపుకుంటామా?" అన్నాడు కుమరన్.

"ఆయన నోరు మూసుకుంటుంటే నువ్వు పొట్టకు బెజ్జం పెట్టిస్తావా? చేతులు కట్టేయిస్తావా?"

"నువ్వు వారానికోసారి వచ్చి నీతులు చెప్పు. బట్టలు వదులైపోతుంటే చూసేది నేను."

"అవునులే. సినిమా రెండో సగంలో పెద్దకొడుకు కూడా ఇలాగే అంటాడు."

"నువ్వేమో చిన్నకొడుకువి. రెండో సగంలో అసలు కనబడవు."

నాకు నవ్వొచ్చింది. అలసట ఎక్కువైతే అలా ఎక్కడ పడితే అక్కడ నవ్వొస్తుంది. దినేశ్ చూశాడు. "నవ్వండి సిస్టర్. మా బతుకే ఆ సినిమా" అన్నాడు.

"అదే సినిమా అయితే మీ నాన్నగారు కూడా ఆ తండ్రిలాగే తినకుండా, తిన్నానని చెప్పేవారా?" ఏదో ఒకటి అనాలని అడిగాను.

ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు.

"సినిమా ఇష్టమే, కానీ ఆ తండ్రి అంటే అప్పాకు కోపం" అన్నాడు కుమరన్. "థియేటర్ నుంచి వస్తూ దారంతా తిట్టాడు. పిల్లలతో అబద్ధం ఆడతాడా, మనిషేనా అని. అప్పా తినేవాడు. కానీ మేం తిన్నాకే. సెకండ్ షిఫ్టు నుంచి వచ్చేసరికి మేం పడుకునేవాళ్లం. నేను గిన్నెలు కడిగి పెట్టినా నమ్మేవాడు కాదు."

"నువ్వు అన్నం బయట పారేసి గిన్నె కడిగేవాడివి, అందుకు" అన్నాడు తమ్ముడు.

"ఒక్కసారి పారేశాను. ఒక్కసారి."

"మరి ఎలా నమ్మేవారు?" అని అడిగాను.

"చేతులు" అన్నాడు దినేశ్. కుడిచేయి ముక్కు దగ్గర పెట్టి చూపించాడు. "పడుకున్న మా చేతులు పట్టుకుని వాసన చూసేవాడు. సాంబారు వాసనో, చేపల పులుసు వాసనో రావాలి. ఇద్దరి చేతులూ చూశాకే పళ్లెం పెట్టుకునేవాడు. వాసన లేకపోతే లేపి తినిపించేవాడు."

చెప్పి అతను మామూలుగానే కోటు వేసుకోబోయాడు. కాగితాలు నా చేతిలోనే ఉండిపోయాయి.

"మీరు ఇక్కడికి తిని వస్తారా?" అని అడిగాను.

కుమరన్ ఆ ప్రశ్నకు కొంచెం నొచ్చుకున్నాడు. "అప్పా అలా పస్తులుంటే మేం పొట్ట నింపుకుని ఎలా వస్తాం సిస్టర్? ఆయనకు పెట్టాక, షిఫ్టులో ఏదో ఒకటి తింటాను." దినేశ్ కూడా అంతేనన్నాడు. అది వాళ్ల మర్యాద. పైగా మా హోమ్‌లో వచ్చిన ప్రతివాడూ గుమ్మంలోనే చేతులకు శానిటైజర్ రాసుకోవాలి. అంటే ఇన్ని నెలలుగా ఆ తండ్రి ముక్కు దగ్గరికి వెళ్లినవన్నీ గ్లవ్స్, లేదంటే స్పిరిట్ వాసన కొట్టే చేతులు. ఎదురుగా తెర మీద, ఆయనకు గిట్టని ఆ తండ్రి తన పిల్లలతో అబద్ధం చెబుతూ ఉండేవాడు.

నేను ఊహించింది చెప్పాను. తప్పయినా కావచ్చన్నాను. కుమరన్ వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆదివారం ఇద్దరం ఆయన ముందే తింటామన్నాడు దినేశ్.

శానిటైజర్ విషయంలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ చూసే సూపర్‌వైజర్‌ను అడిగాను. సబ్బుతో సరిగ్గా కడుక్కుంటే చాలు, శానిటైజరే రాసుకోవాలని లేదంది ఆవిడ. సబ్బుతో ఎంత కడిగినా మన కూరల వాసన పోదని ఆవిడకు తెలియదు. నేనూ చెప్పలేదు.

ఆ ఆదివారం నాకు డ్యూటీ. అంతకు ముందు రెండు ఆదివారాలు కూడా ఆరాధనకు వెళ్లలేదు. సంఘంలో అక్కయ్యలు ఫోన్ చేసి, దూరమైపోతున్నావమ్మా అని మందలించారు. మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. బయట మంచు, లోపల దినేశ్ తెచ్చిన డబ్బాల్లోంచి సాంబారు, వేయించిన చేప. టాబ్లెట్ సంచిలోనే ఉంచమన్నాను. తండ్రి మంచం ముందు బల్ల వేసి, అన్నదమ్ములు పక్కపక్కన కూర్చుని చేత్తో తినడం మొదలుపెట్టారు. ఇద్దరికీ ముద్ద దిగడం లేదు. పక్కనే ఎముకల గూడులా తండ్రి.

"ఇప్పటికీ పెద్ద ముక్క నువ్వే తీసుకుంటావేం?" అన్నాడు దినేశ్ చివరికి.

"కొనుక్కొచ్చింది నువ్వు. లెక్క చూసుకుని తేవాల్సింది."

రాజమాణిక్యం గారు గోడవైపు నుంచి ఇటు తిరిగారు. వాళ్ల నోళ్లనే చూస్తూ ఉన్నారు. తినడం అయ్యాక ఇద్దరూ సింకు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కొచ్చారు. ఆయన మొదట కుమరన్ చేయి తీసుకున్నారు. వాసన చూశారు. వదల్లేదు. రెండో చేత్తో గాలిలో వెతికారు. దినేశ్ తన చేయి అందించాడు. అదీ చూశారు. రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని, "పసంగ సాప్పిట్టాంగ" అన్నారు నాతో. పిల్లలు తిన్నారని.

తరవాత నోరు తెరిచారు.

కుమరన్ తినిపించాడు. దినేశ్ బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేను మందుల బండి తోసుకుంటూ పక్క గదికి వెళ్లిపోయాను. అక్కడి ముసలావిడ అప్పటికే రెండుసార్లు బెల్లు కొట్టింది. బ్రేక్‌లో కూర్చుంటే, చనిపోయిన ఒక చిన్నపిల్లను బైబిల్లో ప్రభువు లేపిన సంగతి గుర్తొచ్చింది. అంత అద్భుతం చేసి, ఆశ్చర్యపోయి నిలబడ్డ తల్లిదండ్రులతో ఆయన అన్నది, పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమని. చిన్నప్పటి నుంచి వింటున్న భాగమే. అద్భుతం గురించే ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ చివరి మాట దగ్గర ఎవరూ ఆగలేదు.

దీన్ని స్వస్థత అని నేను సాక్ష్యం చెప్పలేను. డిమెన్షియా తన పని తాను చేసుకుపోయింది. ఇద్దరూ రోజూ రాలేరు. కుమరన్ ఒక్కడే వచ్చిన రోజు, అతని చేయి చూశాక ఆయన "తంబి?" అని అడిగేవారు. చిన్నోడేడీ అని. అప్పుడు కుమరన్ వీడియో కాల్ చేసేవాడు. బ్రాంప్టన్‌లో ఆఫీసు బల్ల దగ్గర దినేశ్ డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తిని, చేయి కెమెరాకు ఆనించేవాడు. ఆయన ఫోన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవారు. ఒక్కోసారి నమ్మేవారు, ఒక్కోసారి నమ్మేవారు కాదు. నమ్మని రోజు ఏమీ తినేవారు కాదు. అయినా బరువు తగ్గడం ఆగింది. ట్యూబ్ మాట మళ్లీ రాలేదు. చేతులు కట్టవలసిన అవసరం రాలేదు. మరుసటి వసంతంలో, మంచు కరిగే రోజుల్లో, నిమోనియా వచ్చి ఆయన పోయారు. చివరి రెండు రోజులూ అన్నదమ్ములు ఒకే గదిలో ఉన్నారు.

గది ఖాళీ చేయడానికి ఇద్దరూ వచ్చిన రోజు కూడా నాకే డ్యూటీ. చొక్కాలు మడుస్తూ కుమరన్ టాబ్లెట్ తీసి, ఏం చేయాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు. దినేశ్ మంచం చివర కూర్చుని నేల చూస్తున్నాడు. కుమరన్ టాబ్లెట్ పక్కన పెట్టి, తమ్ముడి కుడిచేయి పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఏం తినలేదు నువ్వు."

"దారిలో ఫ్రైస్ తిన్నాను అణ్ణా."

"అబద్ధం. లే. సర్దుడు తరవాత."

ఇద్దరూ కోట్లు వేసుకుని తిండికి వెళ్లారు. తెరిచిన సూట్‌కేసు మంచం మీదే ఉంది. పని ఆలస్యమవుతుందని మేనేజర్ అడిగితే, వస్తారులెండి అన్నాను.

తండ్రి చేసిన త్యాగాన్ని పిల్లలు తలుచుకుని ఏడిస్తే ఆయన రుణం తీరుతుందని ఆ సినిమా చెప్పింది. నేనూ అదే అనుకునేదాన్ని. కానీ రాజమాణిక్యం గారు కోరింది ఏడుపు కాదు, పిల్లల కడుపు నిండిందన్న రుజువు. అది చేతికందితే ఆయన తన వంతు అన్నం తినడానికి సిద్ధంగానే ఉన్నారు. ఇప్పుడు మా అంతస్తులో కొత్తగా వచ్చినవాళ్లు తినకపోతే, స్పీచ్ పాథాలజిస్ట్‌కు కబురు చేసే ముందు ఇంటివాళ్లను ఒక ప్రశ్న అడుగుతాను. మీ ఇంట్లో ఎవరు ముందు తినేవారు?