ఐదుకి రెండే మార్కులేసిన మా అప్పలస్వామి బావ

నిన్న పొద్దున ఆఫీసుకి రెడీ అవుతుంటే ఫోన్. అప్పలస్వామి పోయాడన్నారు.

"ఏ అప్పలస్వామి?" అని అడిగాను. మా మేనత్త కొడుకే అని తెలిసి కూడా.

గుండెపోటు. యాభై నాలుగేళ్లు. మొన్న కూడా పెళ్లిలో సన్నాయి వాయించి వచ్చాడు.

అరసవల్లి చుట్టుపక్కల సగం పెళ్లిళ్లకి సన్నాయి మా బావదే. కానీ మీలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. అక్క, అంటే బావ భార్య, రాయమంది కాబట్టే రాస్తున్నాను.

ఆరేళ్ల కిందట బావ స్కూటర్ మీంచి పడ్డాడు. నడుం నొప్పికి ఇంజెక్షన్లు మొదలయ్యాయి. నొప్పి తగ్గింది, ఇంజెక్షన్లు మాత్రం ఆగలేదు.

సూది పడకపోతే సన్నాయి పట్టుకోలేని స్థితికొచ్చాడు.

చివరికి నేను కౌన్సెలర్‌గా పనిచేసే డీ-అడిక్షన్ సెంటర్‌కే వచ్చాడు. అక్కడ రోజూ నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇస్తాం. మా ఎదురుగానే కరగాలి. దాంతో సూది మీద యావ తగ్గుతుంది. బావకి తగ్గింది.

మా దగ్గర అప్పుడప్పుడు ఒక ఫారం నింపిస్తాం. ఈ మందుతో ఎంత తృప్తిగా ఉన్నారు, ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారు అని.

మనవాళ్ల సంగతి తెలుసు కదా. బాగులేదంటే మేడమ్ ఏమనుకుంటుందో, మాత్ర ఆపేస్తారేమో అని భయం. అందరూ ఐదే. నేనూ హాయిగా రిపోర్ట్ పంపేసేదాన్ని.

బావ రెండు వేశాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏటి బావా, ఈ మందుతోనే కదా మనిసివయ్యావు. నాలుగైనా ఎయ్యి" అన్నాను.

"మందు మంచిదేనే. రోజూ తొమ్మిదికి ఇక్కడ కూకుంటే పెళ్లిలో సన్నాయి ఎవుడు ఊదుతాడు? నోరు కూడా ఎండిపోతన్నాది. ఇయ్యన్నీ రాసుకోకపోతే ఈ కాయితం ఎందుకే?"

అవి రాయడానికి ఫారంలో చోటే లేదు. పక్కన ఖాళీలో ఇరికించాను, గొణుక్కుంటూనే. డాక్టర్ గారు చదివారు, బావని పిలిచి మాట్లాడారు. కొన్నాళ్లు చూసి, నిలకడగా ఉన్నవాళ్లకి రెండు మూడు రోజుల మాత్రలు ఇంటికివ్వడం మొదలుపెట్టారు.

బావ మళ్ళీ పెళ్లిళ్లు ఒప్పుకున్నాడు.

నిన్న బావ ఇంటి దగ్గర ఎవరో అన్నారు, ఆ మాత్రే ప్రాణం తీసిందని. కాదు. గుండె జబ్బుందని ఏడాదిగా తెలుసు. చూసిన డాక్టరూ అదే చెప్పారు.

కానీ అదే మాత్ర కోసం మా సెంటర్‌కి వచ్చే ఆటో డ్రైవర్ ఒకాయన అక్కడే ఉన్నారు. నన్ను పక్కకి పిలిచి, "మానేయమంటారా మేడమ్?" అన్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

అక్క వినేసింది. అంత ఏడుపులోనూ నా చెయ్యి పట్టుకుంది.

"సెల్లీ, దాసకు. బావ పేరు పెట్టే రాసీ. ఈలు బయపడి మానేస్తే మళ్ళీ సూది కాడికెల్పోతారు."

అందుకే ఈ పోస్ట్. మీ ఇంట్లో ఎవరైనా ఈ మందు మీద ఉంటే, దయచేసి మీ అంతట మీరు ఆపించకండి.

ఇవాళ సెలవు పెడదామనుకుని, మనసొప్పక సెంటర్‌కి వెళ్ళాను.

ఆటో ఆయన వచ్చారు. మాత్ర కరిగేదాకా కూర్చున్నారు. ఎలా ఉందని అడిగితే, ఎప్పుడూ "బాగున్నాదమ్మా" అనే మనిషి ఈసారి మొహం చిట్లించారు.

"మాత్ర సేదమ్మా. మూడేళ్ల నుంచీ సేదే. సెప్పనేదు."

ఫారం పక్కన 'చేదు' అని రాసుకున్నాను, బావా.

వెళ్లిరా. ఏ నొప్పీ లేని చోట నెమ్మదిగా ఉండు.