ముప్పై మూడు మైళ్ళ సాక్ష్యం

పోయిన నెలలో మా సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. చర్చి పార్కింగ్‌లో ఎలక్ట్రిక్ కార్లకి ఛార్జర్లు పెట్టించామనీ, వచ్చే ఆదివారం పాస్టర్‌గారు ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారనీ, సంఘంలో అందరికంటే ముందు ఆ కారు తెచ్చింది నేనే కాబట్టి రిబ్బన్ నా చేతే కట్ చేయించాలనుకుంటున్నారనీ చెప్పి, ఆఖర్న, ఆ పాత సాక్ష్యం కూడా ఇంకోసారి చెప్పాలంకుల్ అన్నాడు. రిబ్బన్ సంగతి సరేగానీ సాక్ష్యం ఎందుకులే బాబూ అని నసిగాను. అతను వినలేదు. ఛార్జింగ్ అయిపోయిన కారుని దేవుడు ఇంటికి చేర్చిన సంగతి ఇప్పటి పిల్లలకి తెలియొద్దా అని ఫోన్ పెట్టేశాడు.

చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా కిటికీ దగ్గరే కూర్చున్నాను. మా అల్ఫారెట్టాలో ఇప్పుడు ఏ వీధి చూసినా నాలుగైదు గరాజ్‌లలో ఛార్జర్ వేలాడుతూనే ఉంటుంది, పక్కింటి తెల్లాయన ట్రక్కు కూడా కరెంటుదే, అది ఎన్ని మైళ్ళు పోతుందని అడిగితే ఆయనకే సరిగ్గా తెలియదు, ఎందుకంటే తెలుసుకోవలసిన అవసరం ఆయనకి ఎప్పుడూ పడలేదు. పన్నెండేళ్ళ కిందట కరెంటు కారు నడిపినవాళ్ళకి అలాంటి ధీమా ఉండేది కాదు.

మీలో ఆ రోజుల్లో జార్జియాలో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రాష్ట్రం పన్ను రాయితీ ఇచ్చేది, ఒక్కడే కూర్చుని వెళ్తున్నా హైవే మీద, ఇద్దరు ముగ్గురున్న కార్లకే కేటాయించిన ఎడమ చివరి లేన్‌లో పోనిచ్చేవారు, దాంతో మా ఆఫీస్‌లో ముందు ఒక వరంగల్ మిత్రుడు ఆ బుల్లి కారు లీజ్‌కి తెచ్చాడు, ఆరు నెలలు తిరిగేసరికి పార్కింగ్‌లో సగం మంది తెలుగువాళ్ళవి అవే కార్లు, రంగు చూసి గానీ ఎవరిదేదో తెలిసేది కాదు. ఛార్జర్లేమో రెండే. అందుకని ఎవరికి వారు పేరూ ఫోన్ నంబరూ రాసిన చీటీ వైపర్ కింద పెట్టేవాళ్ళం, పదకొండయ్యేసరికి ఒకడు దిగివచ్చి తన కారు తీసి ఇంకొకడికి చోటిచ్చేవాడు, మీటింగ్‌లో ఇరుక్కున్నవాడి తాళాలు కూడా మేమే తీసుకెళ్ళి మార్చేవాళ్ళం. అలా కార్లు మార్చుకుంటూ పరిచయమైన ఇద్దరు మిత్రులు ఈమధ్యే వియ్యంకులయ్యారు కూడా.

నేను మరీ అత్యుత్సాహం మనిషిని. ఆ బుల్లి కారు రాగానే ఉన్న పెట్రోలు కారు అమ్మేశాను. మా ఆవిడ అది కూడా ఉండనివ్వండి, చర్చి దూరం కదా అంటూనే ఉంది. కంపెనీవాళ్ళు ఎనభై మైళ్ళు పోతుందన్నారు, చర్చికి ముప్పై మూడు, తిరిగి రావడానికి ముప్పై మూడు, ఇంకా పద్నాలుగు మిగులుతాయి అని కాగితం మీద రాసి మరీ చూపించాను. వేసవిలో ఆ లెక్క బాగానే కుదిరింది. చలికాలం వచ్చాక తెలిసింది, హీటర్ వేస్తే మైళ్ళు కళ్ళ ముందే రాలిపోతాయని.

అప్పటికి మా తెలుగు సంఘానికి సొంత భవనం లేదు. అట్లాంటాకి అవతల ఒక పాత అమెరికన్ చర్చివాళ్ళు, పొద్దున వాళ్ళ ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం మాకు హాలూ వంటగదీ ఇచ్చేవారు. ఆ వంటగది మా పిన్నత్తగారి రాజ్యం. అంటే మా ఆవిడకి సొంత పిన్ని, బాపట్ల వైపు మనిషి, ఇక్కడ ఎన్నో ఏళ్ళు నర్సుగా చేసింది, భర్త పోయాక ఆదివారం ప్రేమవిందు బాధ్యత తలకెత్తుకుంది. కూరలు ఇళ్ళ నుంచి ఎవరు ఏవి తెచ్చినా సరే, అన్నం మాత్రం అక్కడే వండాలి, పొగలు కక్కుతూ వడ్డించాలి. అందుకోసం రెండు పెద్ద కరెంటు కుక్కర్లు తనే కొని పెట్టింది. పాస్టర్‌గారి వాక్యం మొదలయ్యేటప్పుడు వెళ్ళి స్విచ్ వేసి వచ్చేది, ఆఖరి ప్రార్థన అయ్యేసరికి అన్నం సిద్ధం. మూడేళ్ళపాటు ఒక్క ఆదివారం కూడా అది తప్పలేదు.

వంటగది పక్కన చిన్న గదిలో ఆ అమెరికన్ చర్చివాళ్ళ డీప్ ఫ్రీజర్ ఉండేది. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకి ప్రతి బుధవారం వాళ్ళు భోజనం పెట్టేవారు, ఆ మాంసం అదీ అందులో దాచేవారు. డ్యూటీ లేని బుధవారాల్లో మా పిన్నత్తగారు కూడా వెళ్ళి వడ్డించి వచ్చేది. ఆవిడకి అక్కడ అందరూ పేర్లతో సహా తెలుసు.

జనవరిలో ఒక ఆదివారం విపరీతమైన చలి. హాలు దగ్గరికి చేరేసరికి బ్యాటరీ సగానికంటే బాగా కిందికి పోయింది, ఇల్లు చేరడం కల్ల. మా ఆవిడనీ పాపనీ ముందు గుమ్మం దగ్గర దింపి, కారు పార్క్ చేసి వస్తానని చెప్పి వెనక్కి తీసుకెళ్ళాను. వంటగది బయటి గోడకి, తోటపని మిషన్ల కోసం కాబోలు, ఒక మామూలు ప్లగ్ ఉంది. కారుతోపాటు ఇచ్చిన వైరు తీసి దానికి పెట్టేశాను. ఎవరినీ అడగలేదు. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవడానికి ఎవరినైనా అడుగుతామా అనుకున్నాను. అడిగితే వద్దంటారేమోనన్న భయం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆరాధన అయింది, భోజనాలయ్యాయి, పొగలు కక్కే అన్నమే తిన్నాం. వెనక్కి వెళ్ళి చూస్తే వైరు మీది ఆకుపచ్చ లైటు ఆరిపోయి ఉంది. కారుకి ఎక్కింది కొంచెమే. ప్లగ్ వదులై ఉంటుందనుకుని వైరు చుట్టేసి డిక్కీలో పడేశాను. ఇక ఆ ప్రయాణం చెప్పక్కర్లేదు. హీటర్ ఆపేశాను. మా ఆవిడ, పాప ఒకే దుప్పట్లో ముడుచుకున్నారు, హీటర్ ఆన్ చెయ్యి డాడీ, ప్లీజ్ అని పాప నాలుగుసార్లు అడిగింది. లారీల వెనక నక్కి నక్కి నడిపాను. ఇంకో మూడు మైళ్ళుందనగా మైళ్ళు చూపించే అంకె మాయమైపోయి దాని చోట మూడు గీతలు వచ్చాయి. మా ఆవిడ పైకే ప్రార్థన మొదలుపెట్టింది. ఇంటి గరాజ్‌లోకి వచ్చి ఆగేదాకా ఆపలేదు.

మా సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలకి సమయం ఇస్తారు, ఆ వారం దేవుడు చేసిన మేలు లేచి చెప్పాలి. తర్వాతి ఆదివారం మా ఆవిడ మోచేత్తో పొడిస్తే నేను లేచాను. చలి, దుప్పటి, మూడు గీతలు, ప్రార్థన, అన్నీ చెప్పాను. గోడకి ప్లగ్ పెట్టిన ముక్క ఒక్కటి చెప్పలేదు. స్తోత్రం స్తోత్రం అని హాలంతా మోగిపోయింది. పిన్నత్తగారు పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజు భోజనాల దగ్గరికి ఆ అమెరికన్ చర్చి పెద్దాయన ఒకరు వచ్చి మా పాస్టర్‌గారిని పక్కకి పిలిచారు. పోయిన ఆదివారం వంటగది బ్రేకర్ పడిపోయి అటువైపు కరెంటంతా పోయిందట, బుధవారం దాకా ఎవరూ చూసుకోలేదట, ఫ్రీజర్‌లో ఉన్నదంతా నీరుకారి కుళ్ళిపోయిందట. ఆ బుధవారం వచ్చినవాళ్ళకి రొట్టె ముక్కలిచ్చి పంపేశారట. ఆదివారం మధ్యాహ్నం వంటగది వాడేది మీరే కాబట్టి అడుగుతున్నాం అన్నాడాయన, మర్యాదగానే. పాస్టర్‌గారి చూపు కుక్కర్ల మీదికి పోయింది. నా చేతిలో ప్లేటు చల్లబడిపోయినట్టనిపించింది. ఆరిపోయిన ఆకుపచ్చ లైటు ఎందుకారిపోయిందో ఆ క్షణంలోనే అర్థమైంది. మూడేళ్ళుగా ఆ కుక్కర్లకి పడిపోని బ్రేకర్, నా కారు లోడ్ కూడా పడితే, అన్నం ఉడికేదాకా ఎలాగో ఓర్చుకుని పడిపోయింది.

చెప్పడానికి నోరు తెరిచేలోపల పిన్నత్తగారే ముందుకొచ్చింది. "నాదే తప్పండి. రెండు కుక్కర్లూ ఒక్కసారే పెట్టేశాను. సారీ సార్, మై మిస్టేక్" అంది. గంట కిందట నా సాక్ష్యానికి చప్పట్లు కొట్టిన చేతులు ఇంకా ప్లేట్లు పట్టుకుని చుట్టూ నిలబడి ఉన్నాయి. తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఆవిడ ఆ వంటగదిలో కుక్కర్ పెట్టలేదు. ఆదివారం తెల్లవారుఝామునే లేచి ఇంట్లో వండి, పెద్ద స్టీలు గిన్నెలకి తువ్వాళ్ళు చుట్టి తెచ్చేది. ఎంత చుట్టినా మధ్యాహ్నం వడ్డించేసరికి అన్నం చల్లారి గడ్డకట్టేది. ఇదేంటి పిన్నిగారూ, చద్దన్నం పెడుతున్నారని కుర్రాళ్ళు వేళాకోళమాడేవారు. ఎనిమిదేళ్ళు ఆ చల్లన్నం తిన్నాను. ప్రతి ఆదివారం ఆ గిన్నెలు ఆవిడ కారులోంచి నేనే మోసుకొచ్చేవాణ్ణి, మా అల్లుడు బంగారం అని ఆవిడ నలుగురికీ చెప్పుకునేది. ఆవిడ బుధవారాలు వెళ్ళడం మానేసిందని మాత్రం నాకు చాలాకాలం తెలియదు. తెలిశాక, వయసు మీద పడింది కదా, అందుకే అయ్యుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఈలోగా లోకం తన దారిన తను నడిచింది. నేను మిగిలిన ఆ చలికాలమంతా దారిలో ఒక షాపింగ్ మాల్ దగ్గర ఛార్జర్ వెతుక్కుని, గంటన్నర సేపు పెళ్ళాం పిల్లతో ఏమీ కొనకుండా షాపుల్లో తిరిగి ఇల్లు చేరేవాణ్ణి. తర్వాత రాష్ట్రం రాయితీ ఎత్తేసింది, ఆఫీస్ పార్కింగ్‌లోని బుల్లి కార్లన్నీ లీజ్ అయిపోగానే వచ్చినంత వేగంగానూ మాయమయ్యాయి, ఇక వీటి పని అయిపోయిందన్నారు అందరూ. అవ్వలేదు. ఇంకా పెద్దవి, ఇంకా దూరం పోయేవి వచ్చాయి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తున్న మా పాప మొన్న అక్కడి నుంచి ఇక్కడిదాకా అలాంటి కారులోనే వచ్చింది, హీటర్ వేసుకునే. మా సంఘం కూడా నాలుగేళ్ళ కిందట ఇంటికి దగ్గర్లోనే సొంత భవనం కట్టుకుంది, పిన్నత్తగారు కుక్కర్లు మళ్ళీ బయటికి తీసింది.

ఆ ఆదివారం రిబ్బన్ కట్ చేశాను. మైకు చేతికిచ్చారు. చలి, దుప్పటి, మూడు గీతలు దాకా అలవాటుగానే వచ్చేసింది. ముందు వరసలో పిన్నత్తగారు అప్పుడే పైటచెంగు అందుకుంటోంది. అది చూశాక ముందుకు సాగలేకపోయాను. ప్లగ్ సంగతి, ఆరిన లైటు సంగతి, ఫ్రీజర్ సంగతి చెప్పేశాను. హాలంతా నవ్వులు. అంకుల్ చర్చి కరెంటు కొట్టేశాడట అని పిల్లలు విరగబడి నవ్వారు, పాస్టర్‌గారు కూడా నవ్వుతూ భుజం తట్టారు. ముప్పై మూడు మైళ్ళకి అంత కంగారేమిటో ఆ పిల్లలకి ఎలా తెలుస్తుంది? మా ఆవిడ నవ్వలేదు, ఇల్లు చేరేదాకా నాతో మాట్లాడనూ లేదు.

పిన్నత్తగారూ నవ్వలేదు. భోజనాలయ్యాక నేనే దగ్గరికి వెళ్ళి, క్షమించండి అత్తయ్యగారూ అన్నాను. ఆవిడకి కోపం వచ్చినట్టు కూడా కనిపించలేదు. పక్కనున్న కుర్చీ చూపించి కూర్చోమంది.

"ఇంతమందిలో చెప్పక్కర్లేదు అల్లుడుగారూ. ఆ రోజే నా ఒక్కదాని చెవిలో చెప్పుంటే సరిపోయేది. నేను పైకి ఒక్క మాటైనా అనేదాన్ని కాదు, నేరం నా మీదే ఉంచుకునేదాన్ని. కానీ బుధవారాలు మానేసేదాన్ని కాదు. వాళ్ళ కూడు చెడగొట్టాను, ఏ మొహం పెట్టుకుని వడ్డించను అనుకున్నాను."

ఆవిడ ముందున్న ఖాళీ ప్లేటు తీసుకుని లేచాను.

మొన్న ఆదివారం ఆరాధన మధ్యలో లేచి వంటగదిలోకి వెళ్ళాను. బయట ఆరు ఛార్జర్లకీ ఆరు కార్లు తగిలించి ఉన్నాయి. నిండిపోగానే ఫోన్‌కే కబురొస్తుంది, చీటీలూ అక్కర్లేదు, ఇంకొకడి తాళాలు తీసుకెళ్ళి కారు మార్చే పనీ లేదు. ఎవడి కారు ఎవడిదో తెలియకుండానే అందరూ సుఖంగా ఇళ్ళు చేరుతున్నారు. నా కారు రెండు వందల డెబ్భై మైళ్ళు చూపిస్తోంది, ఇల్లు పన్నెండు మైళ్ళు.

లోపల గట్టు మీద రెండు కుక్కర్లలోనూ కడిగిన బియ్యం, నీళ్ళు పోసి ఉన్నాయి. ఒకటి ఉడుకుతోంది. రెండోదాని ప్లగ్ చేత్తో పట్టుకుని పిన్నత్తగారు నిలబడి ఉంది. ఈ భవనంలో వంటగదికి వేరే లైన్లు వేయించాం అత్తయ్యగారూ, రెండూ ఒకేసారి పెట్టేయొచ్చు అన్నాను. "తెలుసు" అంది. ప్లగ్ మాత్రం వదల్లేదు. మొదటి కుక్కర్ టక్కుమనేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.