ప్రస్థానం సంచి

గ్రీసు దేశంలో రోడ్స్ అనే దీవి ఉంది. దాని మీద ఎత్తయిన కోటగోడల మధ్య వందల ఏళ్లనాటి నగరం. మా ఆయనా నేనూ అక్కడికి వెళ్లడానికి ఆరు నెలలు ప్లాన్ వేశాం. వేసింది నేను, తలూపింది ఆయన. స్టవ్ కట్టేశానో లేదోనని మేముండే పేట ఎడ్మండ్‌సన్ పార్క్ దాటాక కూడా కారు వెనక్కి తిప్పించే రకం నేను. అందుకే ఏ వీధిలో ఎంతసేపు నడవాలో కూడా రాసిపెట్టుకున్నాను.

సాయంత్రాలు ల్యాప్‌టాప్‌లో ఆ వీధులు చూస్తుంటే, ఊరి నుంచి ఈ పరాయి దేశానికి వచ్చి మా దగ్గర ఉంటున్న అత్తగారు పక్కన చేరేవారు. "అబ్బ, ఆ గులకరాళ్లు చూడమ్మాయ్, ముగ్గేసినట్టు పరిచారు!" అనేవారు. ఆవిడ మోకాళ్లకు ఆ రాళ్లు పడవని మేమే అనేసుకున్నాం. మేం లేనన్నాళ్లూ నగరానికి ఇంకో చివర రౌస్ హిల్‌లో మా మరిది ఇంట్లో ఉండేట్టు ఏర్పాటు చేశాం.

టికెట్లు మంగళవారానికి దొరికాయి. "మంగళవారం పూట గడప దాటతారా?" అని అత్తగారు ఒకటే గొడవ. చివరికి ఆదివారం మంచి గడియ చూసి ప్రస్థానం పెట్టించారు. అంటే, అప్పుడే బయల్దేరినట్టు లెక్కగా ఒక సంచి ముందే వేరే ఇంట్లో ఉంచి, ప్రయాణం రోజు దారిలో తీసుకోవడం. ఒకసారి పెట్టాక అది వెనక్కి ఇంటికి రాకూడదు. సంచి ఆవిడే సర్ది, రెండు వీధుల అవతల ఉండే, మాకు బాగా తెలిసిన తెలుగు ఆంటీ ఇంట్లో పెట్టించారు. పోనీలే, పెద్దావిడ ముచ్చట అనుకున్నాను.

మంగళవారం పొద్దున సొరుగు తీస్తే పాస్‌పోర్టులు లేవు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరుపులెత్తాను, బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూశాను.

"పాస్‌పోర్టుల కోసమా? సంచిలో పెట్టానుగా," అన్నారు అత్తగారు తాపీగా. "అసలైనవి పెట్టకపోతే అదేం ప్రస్థానం?"

ఆంటీ ఫోనెత్తలేదు. సామానుతో, మరిది ఇంట్లో దించాల్సిన అత్తగారితో సహా కారెక్కి పరిగెత్తాం. వాళ్లింటికి తాళం. ఊరవతల ఉన్న హెలెన్స్‌బర్గ్ గుడికెళ్లారని పక్కింటివాళ్లు చెప్పారు. మేం మూడింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. "టైముంది, రిలాక్స్ అవ్వు," అన్న మా ఆయన మీద ఇంతెత్తున లేచాను. వెనక సీట్లో ఉన్న ఆవిడతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఏమనేస్తానోనని భయం.

పన్నెండున్నరకు ఆంటీ కారు వచ్చింది. "సారీ అమ్మా, ఫోన్ సైలెంట్‌లో ఉండిపోయింది," అంటూ సంచి తెచ్చిచ్చారు. డ్రైవ్‌వేలోనే కూలబడి ముడి విప్పాను. పసుపు గుడ్డలో బియ్యం, దాని కింద పాస్‌పోర్టులు. రెండుండాలి. మూడున్నాయి.

మూడోది అత్తగారిది.

తలెత్తి చూశాను. ఆవిడ కారు అద్దంలోంచి చూపు పక్కకు తిప్పుకున్నారు. "ఊరికే పెట్టాన్లే. ఈసారి కాకపోతే ఎప్పుడో..." అన్నారు.

ఆరు నెలల్లో 'మీరూ వస్తారా' అని ఒక్కసారి కూడా అడగలేదు నేను. సిగ్గేసింది. ప్రస్థానం పెట్టింది వెనక్కి వెళ్లకూడదు. అయినా ఆ మూడోదాన్ని నా చేత్తోనే ఆవిడకు తిరిగిచ్చాను.