అవ్రీ

ఆ రోజు నేను చెప్పాల్సింది ఒక్క మాట. చెప్పలేదు. పదిహేనేళ్లు ఆ మాటను నోట్లో రాయిలా పెట్టుకుని పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో నా స్నేహితుడు ఆనందం, నేను పక్కపక్కనే పెరిగాం. వాడి దగ్గర అట్ట ఊడిన డిక్షనరీ ఒకటి, నోటుబుక్కు ఒకటి ఉండేవి. కష్టమైన ఇంగ్లీషు మాట, దాని అర్థం, ఎలా పలకాలో తెలుగు అక్షరాల్లో, చివర ఆ పలుకుబడి ఎవరు చెప్పారో కూడా రాసుకునేవాడు. మా నాన్న రోజూ అనేవాడు: "ఆడ్ని సూడరా. ఇంగ్లీసు పేపరు గడగడా సదివేస్తాడు. నువ్వున్నావు, ఏటికి?" చర్చిలో ఇంగ్లీషు పాఠం చదవడానికి కూడా వాడినే పిలిచేవారు. వాడు చదువుతుంటే నేను తలవంచుకునేవాణ్ణి. ప్రార్థన కోసం కాదు.

ఎనభైల్లో ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం పడింది. ఒక్కటే. ఇద్దరికీ ఇంటర్వ్యూ వచ్చింది. ముందురోజు సాయంత్రం వాడు నోటుబుక్కు పట్టుకుని వచ్చాడు.

"ఒరే, దీని అర్థం తెలుసురా. అనుకున్నది వంకరపోడం. రేపు ఎలాగైనా ఈ మాట వాడేస్తాను. పలకడమే... ఎ, డబ్ల్యూ, ఆర్, వై. అవ్రీయేనా?"

నాకు తెలుసు. మా ఇంటికి అటుపక్కన ఉండే ఆంగ్లో ఇండియన్ ఆంటీ కూర మాడినా, రైలు తప్పినా "అరై, అంతా అరై" అని గొణుక్కునేది. చిన్నప్పటినుంచీ విన్న మాట.

"అవ్రీయేరా. ఏటంత అనుమానం?"

"నువ్వు సెప్పినావు కదా, ఠీక్ హై."

ఎందుకలా అన్నాను? నోరు జారిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. జారలేదు. ఆలోచించే అన్నాను.

మర్నాడు స్కూలు వరండాలో బెంచీ మీద కూర్చుని విన్నాను. లోపల వాడి గొంతు ధీమాగా సాగుతోంది. ఆ మాట వచ్చింది. ఎవరో "అవ్రీ?" అన్నారు. ఇంటర్వ్యూ చేసే ముగ్గురూ నవ్వారు. ఆ తర్వాత వాడి గొంతు వినబడలేదు. నా వంతు వచ్చింది. ఇది చెప్పడమే అన్నిటికంటే కష్టం: లోపల నేను అదే మాటను వెతికి వెతికి వాడాను. సరిగ్గా పలికాను.

ఉద్యోగం నాకొచ్చింది. వాడు గోల్‌బజార్‌లో బట్టల కొట్లో గుడ్డలు కొలవడానికి కుదిరాడు. మళ్లీ ఎవరి ముందూ ఇంగ్లీషు మాట్లాడలేదు. చర్చిలో పిలిచినా లేవలేదు. నేను కోరుకున్నది అదేనా? అదే. దొరికాక మింగుడుపడలేదు.

పోయిన నెల సుభాష్‌పల్లిలో వాడింటికి వెళ్లాను. కూతురు ఆ పాత నోటుబుక్కులోనే మాటలు నేర్చుకుంటోంది. అడిగి తీసుకుని ఆ పేజీ వెతికాను. 'అవ్రీ' అని ఉంది. కొట్టేయలేదు, దిద్దలేదు. పక్కన నా పేరు.

పిల్ల పెన్సిలు తీసుకుని దాన్ని కొట్టేశాను. కింద 'అరై' అని రాశాను. ఆనందం చూస్తూ నిలబడ్డాడు.

"ఆ రోజే నాకు తెలుసురా," అన్నాను. "నిన్ను సూసి ఓర్వలేక అబద్ధం సెప్పినాను. తప్పు నాదే. క్షమించు."